కార్నివాల్లో నీళ్ళు తాగిన ఎద్దు

తొమెబాంబా ఏటి గట్టున, తోళ్ళు పదును చేసేవాళ్ళ ఇళ్ళు దాటాక, మా స్పాంజి కార్ఖానా ఉండేది. పరుపుల్లో కుక్కే స్పాంజి కాదు మాది. ఆ రకం మీద నీళ్ళు పోస్తే పక్కకి జారిపోతాయి. మాది తాగుతుంది, తాగి పట్టుకుంటుంది. కాలిన గాయాల మీద వేసే తెల్లటి మెత్తని బిళ్ళలు, మంచం పట్టినవాళ్ళ పుండ్లకి అద్దేవి, పాలిచ్చే తల్లులు రవికలో పెట్టుకునేవి, పసిపిల్లలకి ఒళ్ళు రుద్దేవి, అన్నీ మేమే కోసి మా క్వెంకా ఊళ్ళోని ఆసుపత్రులకీ మందుల షాపులకీ పంపేవాళ్ళం. పొద్దున్నే పొడవాటి తొట్టిలో మందులు కలిపి పోస్తే, చూస్తుండగానే పులిసిన పిండిలా పొంగేది. రోజూ చూసేదే అయినా, ఆ కాసేపూ అందరం పని ఆపి నిలబడేవాళ్ళం. తర్వాత దిమ్మని కడిగి, పిండకుండా అరచేతులతో అదిమి నీళ్ళు తీసేవాళ్ళం.

మా మేస్త్రి ఉల్పియానో భార్యని పోగొట్టుకుని ఒంటరిగా ఉండేవాడు. మాట తక్కువ, నియమాలు ఎక్కువ. నా పక్క బల్ల దగ్గర కోత పని చేసే తర్హేలియా దానికి పూర్తిగా ఎదురు. నోరు మూతపడేది కాదు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "అడిగినవాళ్ళంతా నాకంటే పొట్టివాళ్ళేనమ్మా, ముద్దు పెట్టుకోవాలంటే నడుం పట్టేస్తుంది" అనేది. ఆ ఇద్దరికీ క్షణం పడేది కాదు.

కార్నివాల్ అంటే మా ఊళ్ళో ఊరేగింపులు, ఒకరి మీద ఒకరు నీళ్ళు పోసుకోవడాలు. ఒక ఏడాది కార్నివాల్‌కి పక్క వీధిలో టోపీలల్లేవాళ్ళు గడ్డితో పెద్ద రాబందుని చేసి ఊరేగించారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత మేం కనిపిస్తే చాలు, వాళ్ళలో అబ్దోన్ అనేవాడు వదిలేవాడు కాదు. "వచ్చే ఏడు మీరేం తెస్తారమ్మా? పసిపిల్లల పక్కబట్టలా?"

మరుసటి ఏడు కార్నివాల్ దగ్గరపడ్డప్పుడు, తొట్టిలో ఒక దిమ్మ వంకరగా పొంగింది. ఆసుపత్రికి పనికిరాదు. మేస్త్రి దాన్ని పారేయించబోతుంటే తర్హేలియా అడ్డం పడింది.

"ఆగండి మేస్త్రి గారూ. దీంట్లో నాకు ఎద్దు కనబడుతోంది."

"నాకు పాడైన సరుకు కనబడుతోంది."

"అందుకే మీకు కళ్ళద్దాలు కావాలనేది."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు గానీ కాదనీ అనలేదు. పని అయ్యాక రోజూ కాసేపు ఉండి, చెక్కి, అతికించి, నల్లరంగు వేసి, మెడకి ఎర్ర రిబ్బన్లు కట్టాం. నిజంగా రంకె వేస్తుందేమో అనిపించేలా తయారైంది. తీరా లోపల దూరి నడిపించడానికి ఇద్దరు పొడుగువాళ్ళు కావాల్సి వచ్చారు. కార్ఖానా మొత్తంలో పొడుగువాళ్ళంటే మేస్త్రి, తర్హేలియా. ముందు కాళ్ళు ఆయన, వెనక కాళ్ళు ఈమె.

"పైన ప్లాస్టిక్ షీటు చుడదాం" అంది తర్హేలియా.

"ఎందుకు? ఈసారి నీళ్ళు చల్లకూడదని ఊరంతా గోడల మీద మున్సిపాలిటీవాళ్ళు ఆజ్ఞ అంటించారు. చదవలేదా?"

"చదివాను. మా వీధిలో దాన్ని చదువుతూనే బకెట్లు నింపుకుంటున్నారు."

"షీటు చుడితే ఎద్దులా ఉండదు, పార్సిల్లా ఉంటుంది. ఆజ్ఞంటే ఆజ్ఞే."

ఆదివారం కాయె లార్గా వీధిలో మా ఎద్దు నడుస్తుంటే జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. వెనక బాకాల మేళం. టోపీలవాళ్ళ ముఖాలు మాడిపోవడం నా కళ్ళారా చూశాను. ఇంతలో ఒక బాల్కనీ మీంచి ఎవరో ముసలావిడ, "ఎండలో దానికి దాహమేస్తోందేమో పాపం!" అని పెద్ద బేసిన్‌తో నీళ్ళు కుమ్మరించింది.

ఒక్క చుక్కా వీధి రాళ్ళ మీద పడలేదు.

"మింగేసిందిరోయ్! ఎద్దు నీళ్ళు మింగేసింది!"

ఇంకేముంది! ఆజ్ఞా లేదు గీజ్ఞా లేదు. బాల్కనీలన్నిటి మీంచి బకెట్లు, చెంబులు, గొట్టాలు. ఎంత పోసినా తాగుతూనే ఉంది. మా సరుకు మంచిది మరి. పొట్ట జారి నేలకి తాకింది, కొమ్ములు వాలిపోయాయి. ఏట్లోకి దిగే మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఎద్దు మోకాళ్ళ మీద కూలబడింది. లోపల్నుంచి మాటలు వినబడ్డాయి.

"మేస్త్రి గారూ, మీ ఆజ్ఞ ఇంకా పొడిగానే ఉందా?"

"ముందు నా మడమ మీంచి కాలు తియ్యి."

"ఏది ఎవరి కాలో తెలిసి చావట్లేదు!"

జనం పడీ పడీ నవ్వారు. తర్వాత లోపల చప్పుడు ఆగిపోయింది. నీళ్ళు మంచులా ఉన్నాయి, పైన ఎద్దంత బరువు. ఎంత లాగినా దిమ్మ కదల్లేదు. అబ్దోన్ కత్తి తీసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"కత్తి వద్దు!" లోపల్నుంచి మేస్త్రి గొంతు, నూతిలోంచి వచ్చినట్టు. నన్ను పేరు పెట్టి పిలిచాడు. "నార్సీసా! రోజూ చేసే పనేగా! పిండకండి, అదమండి! తోక దగ్గర్నుంచి మెల్లగా!"

కార్ఖానా ఆడవాళ్ళమంతా రెండు వైపులా చేరి, అరచేతులతో డొక్కలు అదమడం మొదలుపెట్టాం. అబ్దోన్ కత్తి పారేసి మా పక్కన చేరాడు. టోపీలవాళ్ళూ వచ్చారు. నల్లనీళ్ళు మెట్ల మీంచి ధారగా ఏట్లోకి పారాయి. మేళంవాళ్ళు ఆపకుండా వాయిస్తూనే ఉన్నారు. చివరికి బరువు తగ్గి ఎద్దు పైకి లేచింది. దాని కిందనుంచి ఇద్దరూ పాక్కుంటూ బయటికొచ్చారు, రంగు కారి బొగ్గుల్లా. తర్హేలియా నవ్వుతోంది. అది వింత కాదు. మేస్త్రి కూడా కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

లోపల ఏం జరిగిందని ఆ మర్నాడు తర్హేలియాని అడిగాను.

"ఊపిరాడక ఉంటే నా చెయ్యి పట్టుకుని, 'షీటు సంగతిలో నువ్వన్నదే సరి' అన్నాడే. ఆ ముక్క ఆ నోట్లోంచి వినడానికి నేను ఎద్దు కడుపులోకి పోవాల్సి వచ్చింది!"

మేస్త్రికి జలుబు చేసి జ్వరం పట్టుకుంది. తర్హేలియా రోజూ కోడి పులుసు పట్టుకెళ్ళింది. జ్వరం తగ్గాక కూడా పట్టుకెళ్ళడం మానలేదు. వానలు వెనకబట్టాక పెళ్ళి చేసుకున్నారు. టోపీలవాళ్ళు ఇద్దరికీ మంచి సన్నని అల్లిక టోపీలు పెట్టారు.

ఆ తర్వాత కొన్నేళ్ళకి బయటి దేశాల నుంచి ప్యాకెట్లలో చౌక సరుకు వచ్చి పడింది. కార్ఖానా మూతబడింది. ఆ చోట ఇప్పుడు హోటలుంది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా, పొద్దుటి పొంగు ఎక్కడ జరిగేదో గుర్తుపట్టాలని కిటికీల్లోంచి తొంగి చూస్తాను. కుర్చీలు తప్ప ఏమీ కనబడవు. వాళ్ళిద్దరూ ఇంట్లోనే పసిపిల్లల స్నానం స్పాంజీలు కోసి అమ్ముకుంటూ బతికారు. పోట్లాడుకుంటూనే బతికారు, చివరిదాకా.

పోయిన ఆగస్టులో, మా కొండల్లో చలిగాలులు వీచే నెలలో, ఉల్పియానో పోయాడు.

మొన్న కార్నివాల్‌కి తర్హేలియా, నేను బజారుకెళ్ళి వస్తున్నాం. ఆమె భర్త పోయిన సంతాపానికి నల్లబట్టల్లో ఉంది. వీధంతా నీళ్ళ గోల, కానీ మేం నడిచే దారిలో మాత్రం బకెట్లు కిందికి దిగిపోతున్నాయి. ముసలి అబ్దోన్ గుమ్మంలో నిలబడి, నిండు బకెట్ కాళ్ళ వెనక దాచుకుని, టోపీ తీశాడు.

తర్హేలియా ఆగిపోయింది.

"ఏం అబ్దోన్, నేను తడవకూడదా?"

"నువ్వు దుఃఖంలో ఉన్నావు గదమ్మా..."

"దుఃఖంలో ఉన్నాను. ఊళ్ళో లేకుండా పోయానా?"

ఆయన బిడియపడుతూ బకెట్లోంచి దోసెడు నీళ్ళు ముంచి ఆమె భుజం మీద చల్లాడు.

"ఇది బాప్తిస్మమా, కార్నివాలా? ఎత్తు బకెట్!"

ఎత్తాడు. నెత్తి మీంచి కాళ్ళదాకా తడిసిపోయింది. కళ్ళు మూసుకుని అలాగే చాలాసేపు నిలబడింది. నల్లశాలువా అంచుల్నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఏడుస్తోందో లేదో తెలియదు, నేను అడగలేదు. కళ్ళు తెరిచి నావైపు తిరిగింది.

"నువ్వేంటే, ఎండుచేపలా పొడిగా నిలబడ్డావు? అబ్దోన్, ఇంకో బకెట్ ఉందా?"

ఇద్దరం వణుకుతూ ఇల్లు చేరేసరికి, పొయ్యి మీద నేను పెట్టిపోయిన పంది మాంసం, మొక్కజొన్న గింజల పులుసు అడుగంటింది. పైపైన తోడుకుని తిన్నాం. ఉప్పు చాల్లేదని నన్నే తిట్టింది.