ఐదు కాళ్ళ గొర్రెపిల్ల

సుబ్బులమ్మ గుడ్లు పొయ్యి మీద పెట్టి, చీపురు పట్టుకుని అంగన్‌వాడీ వసారా ఊడుస్తోంది. బండల మీద బొగ్గుతో గీసిన తొక్కుడుబిళ్ళ గళ్ళ దగ్గరికి రాగానే చీపురు ఎత్తేసింది. చుట్టూ తిరిగి, అవతలి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. నెల రోజులుగా ఇదే వరస. మూడో గడిలో ఉన్న నల్ల పలక బిళ్ళను మాత్రం కొంగుతో తుడిచి, ఉన్నచోటే పెట్టింది.

పొట్టి మనిషి. మోకాళ్ళు అరిగి నడక దొడ్డికాళ్ళదయింది. ఊరి బయట పలకల ఫ్యాక్టరీ పగిలిన ముక్కల్ని పారబోస్తుంది చూడండీ, ముప్పై ఏళ్ళుగా ఆమెకు అదే బొమ్మల అంగడి. ముక్కలు ఏరుకొచ్చి, పిల్లల వేళ్ళు తెగకుండా గడప రాయి మీద గుండ్రంగా నూరి, మేకుతో ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు గీకి ఇస్తుంది. మూడో గడిలోది విజయ బిళ్ళ. గొర్రెపిల్ల కావాలని పేచీ పెట్టి గీయించుకుంది. దానికి ఐదు కాళ్ళు.

నాలుగున్నరేళ్ళ విజయ మూడు రోజుల జ్వరంతో పోయింది. పసిపిల్లలు పోతే వాళ్ళ గౌను, గాజులు, ఆడుకున్న బొమ్మలు అన్నీ వాళ్ళతోపాటే గుంతలో పెట్టేయడం ఆ ఊళ్ళో ఆనవాయితీ. ఇంట్లో ఉంచితే తల్లి తేరుకోదంటారు. ఇక పేరు కూడా ఎత్తరు. బిళ్ళ ఇక్కడుండబట్టి మిగిలింది.

టీచరు స్వర్ణలత రిజిస్టరు పట్టుకుని వచ్చింది. "ఆయమ్మా, విజయ వాళ్ళమ్మ సరళ ఈరోజు చిన్నోడి పౌష్టికాహారం ప్యాకెట్లకు వస్తుంది. ఆ బిళ్ళ తీసేయి. చూసిందంటే తట్టుకోలేదు."

"నేను తీయను టీచరమ్మా."

"ఎందుకంత మొండితనం?"

సుబ్బులమ్మ ఎడమ భుజం రుద్దుకుంది. పొద్దుటి నుంచి లాగుతోంది, గ్యాసే అనుకుంది. "నలభై ఏళ్ళ కింద నా బిడ్డ చెన్నమ్మ పోతే, పెద్దోళ్ళు చెప్పినట్ల అన్నీ గుంతలో పెట్టినా. ఈ చేతులతోనే. ఇప్పుడు దాని ముఖం గుర్తుకు రాదు నాకు. కన్నబిడ్డ ముఖం! సరళకు ఆ గతి పట్టకూడదు."

టీచరు రిజిస్టరు తెరిచి హాజరు వేసుకోసాగింది.

పదకొండింటికి ఆట మొదలైంది. గెలిచిన గడి గెలిచినవాళ్ళ ఇల్లు, అందులో ఇంకొకరు కాలు పెట్టకూడదు. అది అన్ని ఊళ్ళలో ఉన్నదే. మూడో గడి విజయ గెలిచిన ఇల్లు, అది దాటినవాళ్ళు విజయ గురించి ఒక మాట చెప్పాలి. ఇది సుబ్బులమ్మ పెట్టిన నియమం.

ధనుంజయ కుంటుకుంటూ దాటాడు. "గుడ్డులో పచ్చది నాకిచ్చేది."

పవన్ కుమార్ దాటబోయి పడ్డాడు. లేచి మోచెయ్యి చూపించాడు. "నన్ను కొరికినాది. ఇక్కడ."

పిల్లలంతా ఒకటే నవ్వు. నవ్వులోనే గేటు కిర్రుమంది. చంకలో చిన్నోడితో సరళ నిలబడి ఉంది. టీచరు గబగబా ఎదురెళ్ళబోతే సుబ్బులమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

సరళ బండ మీద కూలబడింది. మూడో గడిలోని బిళ్ళ వైపే చూస్తూ అంది. "నిద్రబోయేటప్పుడు నా చెవి పట్టుకునేది అత్తా. ఈ చెవి." ఆ తర్వాత ఒక్కసారిగా బావురుమంది. నెల రోజుల ఏడుపు. ఆడుకునే పిల్లలు బిక్కమొహాలేశారు. సుబ్బులమ్మ ఆమె తల తన పొట్టకు అదుముకుని, "ఏడువు తల్లీ, ఏడువు" అంటూ నిలబడింది.

సరళ కళ్ళు తుడుచుకుని బిళ్ళ చేతిలోకి తీసుకుంది. "ఐదు కాళ్ళేంది అత్తా?"

"తోక గూడా ఒక కాలేనంట. నీ కూతురే చెప్పింది."

సరళ ఏడుస్తూనే నవ్వింది. బిళ్ళను మళ్ళీ మూడో గడిలో పెట్టింది. "ఇంటికి తీసకపోతే మా ఆయన వాళ్ళమ్మ పారేస్తాది. ఈడనే ఉండనీ. నేనే వచ్చి చూసుకుంటా."

ఆమె వెళ్ళాక ధనుంజయ సుబ్బులమ్మ చీర పట్టుకున్నాడు. "ఆయమ్మా, నువ్వు చెప్పలే."

"నాకూ ఒక బిడ్డ ఉండేదిరా. చెన్నమ్మ."

"దాని ఇల్లేది?"

వాడే బొగ్గు తెచ్చి మూడో గడి పక్కన వంకరటింకరగా ఇంకో గడి గీశాడు. "ఇదీ. ఇప్పుడు చెప్పు."

ఏం చెబుతుంది? కళ్ళు మూసుకుంది. "మజ్జిగ తాగితే మూతి తుడుచుకునేది కాదురా. మీసాలొచ్చినాయని ఊరంతా తిరిగి చూపిచ్చేది..." అంటూనే ఆగిపోయింది. తెల్లటి మీసం, దాని కింద పెదవి, పైన చప్పిడి ముక్కు, కాటుక చెదిరిన కళ్ళు. నలభై ఏళ్ళుగా రానిది ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఓరి నాయనో," అంది సుబ్బులమ్మ. "వచ్చినావా!"

అన్నాలయ్యాక పిల్లల్ని పడుకోబెట్టి గడప దగ్గర కూర్చుంది. ఒడిలోంచి పలక ముక్క తీసి, ముందు మేకుతో గుర్తు గీకింది. తర్వాత రాయి మీద నూరడం మొదలుపెట్టింది. లోపల రిజిస్టరు రాస్తున్న స్వర్ణలతకు గరగర వినిపిస్తూనే ఉంది. కాసేపటికి ఆగింది. పని అయిపోయిందనుకుంది స్వర్ణలత. పిల్లలు లేచారు. "ఆయమ్మా" అని పిలిచింది. రెండుసార్లు పిలిచింది. సుబ్బులమ్మ ద్వారబంధానికి తల ఆనించి అలాగే కూర్చుని ఉంది. చెయ్యి చల్లబడిపోయింది.

నాలుగో రోజు కేంద్రం తెరిచారు. స్వర్ణలత తానే చీపురు పట్టుకుంది. గళ్ళ దగ్గరికి వచ్చి చీపురు ఎత్తి, చుట్టూ తిరిగి వెళ్ళింది. ధనుంజయ గడప పక్కన పడి ఉన్న పలక ముక్కను తెచ్చి తాను గీసిన గడిలో పెట్టాడు. ఒక పక్క నున్నగా గుండ్రంగా ఉంది, రెండో పక్క మూల ఇంకా పదునుగానే ఉంది, నడుమ మేకుతో గీకిన చిన్న మీసం.