గోచి మీద నెత్తుటి చుక్క

మోకు తెగి తాటిచెట్టు మీది నుంచి పడ్డది మా ఆయనే. పేరు పర్వతాలు. మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదంటారు. ఆ పొద్దున ఊరంతా వినేలా పిలిచాను. కళ్ళు తెరిచాడు గానీ తుంటి కదిపితే కేకలు పెట్టాడు.

మధ్యాహ్నమైనా మూత్రం రాలేదు. దానికి కల్లుగీసే మా గౌండ్లోళ్ళ మందు ఒక్కటే, పొద్దున దింపిన పులియని నీరా. ఆయన అన్న గుర్వయ్య అప్పటికే రెండు ముంతలు తాగించాడు. పొత్తికడుపు ఉబ్బి గట్టిపడింది. మూడో ముంత ఎత్తేసరికి నేను గోచి విప్పి చూశాను. నలుగురిలో సిగ్గు లేదా అన్నారు. సిగ్గెవడికి కావాలి? గోచి మీద నెత్తుటి చుక్క. మూత్రం వచ్చేచోట ఇంకో చుక్క నిలిచి ఉంది.

మా నాయిన కూడా చెట్టు మీది నుంచే పడ్డాడు. ఆయనకూ ఇదే చుక్క. మూత్రం తీయడానికి కాంపౌండరు అక్కడ రబ్బరు గొట్టం పెట్టి పొడిస్తే నెత్తురే వచ్చింది. నాలుగో నాడు పోయాడు.

"పొయ్యకు బావా! లోపల మూత్రం తొవ్వ తెగింది. పోసినకొద్ది కడుపు పలుగుతది."

"నీకేమెరుక? తాతల కాన్నుంచి తాపుతున్నం."

"తాతలు గట్లనే సచ్చిండ్రు!" ముంత గుంజుకుని పారబోశాను.

బావ కోపంగా పోయి మా ఊరి కాంపౌండరును పట్టుకొచ్చాడు. అతను సంచిలోంచి గొట్టం తీశాడు. నేను గీతకత్తి తీసుకుని మంచానికి అడ్డంగా నిలబడ్డాను.

"గా నెత్తురు కండ్లవడతలేదా సారూ? తెగినకాడ మల్ల పొడుస్తవా?"

"సర్కారు మనిషి మీద కత్తి లేపుతవా? జైల్ల ఏపిస్త!"

"ఏపియ్యి! ముండమోసి ఇంట్ల కూసునుడు కంటె పుస్తెతోని జైల్ల కూసునుడే నయం. బావా, బండి కడ్తవా, నన్నే కట్టమంటవా?"

బావ కట్టాడు. ఆయన్ని తలుపుచెక్క మీద కదలకుండా పండబెట్టి కల్వకుర్తి చేరి, అక్కడ బస్సెక్కించాం. పట్నం దవాఖానలో డాక్టరు ఆ చుక్క చూసి మొదట అడిగిందొకటే.

"గొట్టమేమన్న ఏసిండ్రా?"

"ఏయనియ్యలే."

తలూపి లోపలికి తీసుకుపోయాడు. బొడ్డు కింద కోసి, నేరుగా మూత్రపు తిత్తిలోకే గొట్టం వేశాడు. కింద పెట్టిన గిన్నె మూత్రంతో నిండింది. అప్పుడేడ్చాను, బిగ్గరగా.

లోపలి దారి కలిపి కుట్టి ఇంటికి పంపడానికి నెలలు పట్టింది. వచ్చిన మర్నాడు ఆయన కంచె దగ్గర నిలబడ్డాడు. ధార చప్పుడు వాకిట్లోకి వినబడింది. బావ నీరా ముంత పట్టుకుని తలొంచుకుని నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడు పొయ్యి బావా," అన్నాను. "నిండ పొయ్యి."