ఆఖరి గిన్నెలోకి చిటికెడు రాతిపొడి

భోజనాలు చేసి మేం తిరిగొచ్చేసరికి అంగారకుడి మీంచి కబురు వచ్చి ఉంది. సూది గిన్నె రేకును పొడిచింది. రాతిపొడి తేవాల్సిన రోవర్ చెయ్యి మాత్రం సగం దారిలో ఆగిపోయింది.

అది చదివి సొలాంజ్ కస్తెరాన్ కుర్చీలో కూలబడింది. తులూజ్‌లోని మా బృందంలో రసాయనాల సంగతి చూసేది ఆవిడే. రోవర్ కడుపులోని చిన్న ప్రయోగశాలలో, ద్రవం నింపి రేకుతో మూసిన గిన్నెలు కొన్నే ఉండేవి. ఇది ఆఖరిది. రాతిపొడిని ఆ ద్రవంలో నానబెడితే, ఉత్తినే వేడిచేసినప్పుడు మాడిపోయే కర్బన పదార్థాలు కూడా ఆవిరై బయటికొస్తాయి. ఇంకా మంచి రాయి దొరుకుతుందంటూ ఆవిడ ఏళ్ల తరబడి ఆ గిన్నె జోలికి ఎవర్నీ రానివ్వలేదు. రాళ్ల పొరలు చదివే ఈవ్ దార్తీగ్ అందుకు ఆవిణ్ణి ఏడిపించేవాడు. "కూతురి పెళ్లికి దాచిన వైన్ సీసా అనుకున్నావా అది? నీకు కూతురే లేదుగా" అనేవాడు.

చివరికి ఒప్పించింది కూడా అతనే. ఇప్పుడు డ్రిల్లుతో తొలిచిన రాయి, ఒకప్పుడు సరస్సు అడుగున పేరుకున్న బురద గట్టిపడి అయింది. ఇక రోవర్ ఎక్కాల్సిన కొండ పైనంతా ఉప్పు పొరలే కాబట్టి ఇలాంటిది మళ్లీ తగలదన్నాడు.

ఇప్పుడు గిన్నెకి చిల్లు పడింది. పొడి ఇంకా డ్రిల్లు గొట్టంలోనే ఉంది. ద్రవం ఆవిరైపోతోంది.

రోవర్ చెయ్యి నడిపే రెనాటా హోల్కమ్ కాలిఫోర్నియా నుంచి లైనులోకి వచ్చింది. చలికి కీలు బిగుసుకుందనీ, హీటరుతో వేడిచేసి పొద్దున్నే కదపొచ్చనీ చెప్పింది. కానీ చెయ్యి వెళ్లి గిన్నె మీదే ఇరుక్కుంటే ప్రయోగశాల మూత ఇక పడదు. దుమ్ము గాలుల కాలం దగ్గరపడింది. మూత పడకపోతే లోపలున్నదంతా పోయినట్టే. సాయంత్రంలోగా ఏదో ఒక ఆదేశం వెళ్లాలి.

పొద్దున్నే కదపమని ఆదేశం పంపమన్నాడు ఈవ్. సొలాంజ్ అతని వైపు చూడలేదు.

"ఎండెక్కాక కదిపితే?" అని రెనాటాని అడిగింది.

"అప్పుడైతే కీలు మాట వింటుందని నా నమ్మకం. కానీ అప్పటిదాకా మీ ద్రవం ఉంటుందా?"

"సగం మిగలొచ్చు. అంతకంటే తక్కువే అనుకోండి."

"సగంతో ఏం కనబడుతుంది?" అన్నాడు ఈవ్. "ఇన్నేళ్లు దాచి, ఇప్పుడు గాలికి వదిలేస్తావా?"

"ద్రవం లేని మామూలు గిన్నెలు ఇంకా బోలెడున్నాయి. పైన ఉప్పు పొరలకి అవి కావాలి. ఒక్కదాని కోసం అన్నిటినీ పణం పెట్టలేను, ఈవ్."

"నీకు భయం."

"అవును, భయమే" అంది సొలాంజ్.

ఈవ్ కోటు తీసుకుని వెళ్లిపోయాడు. తలుపు చప్పుడయ్యాక ఆవిడ ఎండెక్కాకే కదపమని రెనాటాకి చెప్పింది. నేనూ ఈవ్ పక్షమే. ఆ మాట ఆవిడకి చెప్పలేదు.

మర్నాడు ఫొటో వచ్చేదాకా గదిలో ఎవరూ కూర్చోలేదు. ఫొటోలో చెయ్యి వెనక్కి వచ్చేసి ఉంది. మూత పడింది. పొడి లోపలికి రాలిందో లేదో మాత్రం తెలియదు. వేడిచేశాక వచ్చే లెక్కలే చెప్పాలి. వాటికి ఇంకో రోజు పట్టింది. ఈ మధ్యలో ఈవ్ తన గది దాటి బయటికి రాలేదు.

లెక్కలు గీతగా తెరమీదికి వస్తుంటే సొలాంజ్ చూపుడువేలు దాని వెంటే కదిలింది. ఆవిడ ఆశపడ్డ కర్బన ఆమ్లాలు కనబడాల్సిన చోట గీత చదునుగా పోయింది. వాటికి ద్రవం చాలలేదు. ఆ తర్వాత ఒకచోట గీత కొద్దిగా లేచింది, పక్కనే మరోచోట.

ఎప్పుడొచ్చాడో, ఈవ్ మా వెనకే నిలబడి ఉన్నాడు.

"అది మన ద్రవం తాలూకు మరకేమో" అన్నాడు.

"ఇందులో కర్బనంతో పాటు గంధకం ఉంది. మన ద్రవంలో గంధకం లేదు. ఇదివరకు పరీక్షకి ఖాళీ గిన్నెని వేడిచేసినప్పుడు కూడా ఇది రాలేదు." సొలాంజ్ కళ్లు తుడుచుకుంది. "ఇది రాయిదే."

"ద్రవం నిండుగా ఉండుంటే ఆ ఆమ్లాలు..."

"కనబడేవేమో. ఇక ఎప్పటికీ తెలీదు. నామీద కోపంగానే ఉండు, ఫరవాలేదు."

ఈవ్ కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చుని, ఆ రెండో చోటు దగ్గరగా చూపించమన్నాడు.