భూతం మెడ మీద ఎర్ర గుడ్డ

సముద్రభూతం లోపల నలుగురు మనుషులుండేవారు. ఆ స్టూడియోలో వాళ్ళని సొంత పేర్లతో పిలవడం ఎప్పుడో మానేశారు. తోక, నడుము, రెక్క, మెడ. అంతే.

“ఏరా మెడా, టీ తాగావా?”

“తాగాన్రా తోకా. నువ్వు ఎప్పటిలాగే వెనకపడ్డావు.”

ఈ మెడ సూదక్కకి తమ్ముడు. సూదక్కంటే ఆ భూతాన్ని కుట్టిన మనిషి. పాత గుడారాల గుడ్డా, చిరిగిన రబ్బరు ట్యూబులూ కలిపి, నలభై అడుగుల జంతువుని రెండు నెలల్లో నిలబెట్టింది. వేళ్ళన్నీ తూట్లు.

నిన్న పెద్ద నీళ్ళ తొట్టిలో షూటింగ్. మెడ నీళ్ళలోంచి లేచి హీరో పడవ మీద పడాలి. లేచింది. మునిగింది. మళ్ళీ లేచి గిలగిలా కొట్టుకుంది. గట్టు మీద డైరెక్టరు గారు గంతులేశారు.

“అద్భుతం! నటనంటే అదీ! ఇంకా కొట్టుకో!”

నటనా పాడా! లోపల మనిషికి ఊపిరాడటం లేదు. తోకకి అనుమానమొచ్చి బయటికి ఈడ్చాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ అద్భుతం శవమై తేలేది. తమ్ముడు నీళ్ళు కక్కుతుంటే సూదక్క వీపు రాస్తూ కూర్చుంది. డైరెక్టరు గారు మాత్రం, “రేపు ఇదే సీను, ఇంకా పొడుగ్గా తీద్దాం” అని వెళ్ళిపోయారు.

తెల్లారి ఆవిడ ఆయనకి ఎదురెళ్ళింది.

“లోపలివాడికి ప్రాణం మీదికొస్తే బయటికెలా తెలుస్తుందండీ? ఏదో ఒక గుర్తు ఉండాలి.”

“గుర్తా? సముద్రభూతం జెండా ఊపుతుందా? తెర మీద కనపడితే జనం నవ్విపోరూ!”

“కనపడదు.”

“నీకేం తెలుసమ్మా కెమెరా సంగతి?”

ఆవిడకి తెలుసు. భూతం నోట్లో ఆవిడ ఎర్ర పట్టుగుడ్డ వేసి కుట్టింది, నెత్తురులా ఉండాలని. ముందుగా తీసిన ముక్క తెర మీద వేసి చూస్తే నోరంతా బొగ్గు! ఆ రోజు ఆవిడకి ఒళ్ళు మండింది. ఇవాళ అదే పనికొచ్చింది.

“ఏం మావయ్యా, నువ్వు చెప్పు” అంది కెమెరా తిప్పే ముసలాయనతో.

“ఈ నలుపు తెలుపు ఫిల్ముకి ఎరుపు నలుపే” అన్నాడాయన బీడీ పక్కన పారేసి. “నల్ల మెడ మీద ఎర్ర గుడ్డ లేస్తే మన కంటికి మంటలా ఉంటుంది. దీని కంటికి ఏమీ ఉండదు.”

సూదక్క ఒక గంటలో మెడ మీద మూరెడు ఎర్ర గుడ్డ కుట్టేసింది. లోపల దారం లాగితే పైకి లేస్తుంది.

“సరే, ఏడవండి” అన్నారు డైరెక్టరు గారు. “కానీ ఆపమనేది నేనే.”

“కాదు. ఎవరు చూస్తే వాళ్ళు.”

“ఇక్కడ డైరెక్టరు నువ్వా నేనా?”

“నీళ్ళ కింద ఉన్నది మీరైతే మీరే.”

తోక ఫక్కున నవ్వాడు. నవ్వి, వెళ్ళి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. పక్కన నడుము. ఆ పక్కన రెక్క. మెడ సరేసరి. భూతం ఖాళీ తోలై నీళ్ళ మీద తేలింది.

“వేరేవాళ్ళని తెప్పిస్తాను!”

“తెప్పించండి. తిప్పేదెవరు?” అంటూ మావయ్య కెమెరా వదిలేసి వాళ్ళ పక్కనే చతికిలబడ్డాడు.

ఎండ ఎక్కింది. పడవలో హీరో గారి మీసం జారింది. డైరెక్టరు గారు అరిచారు, తిరిగారు, టోపీ నేలకేసి కొట్టారు. చివరికి మొహం మాడ్చుకుని, “సరే. ఎవరు చూస్తే వాళ్ళే” అన్నారు.

నలుగురూ దిగారు. మెడ లేచింది. పడవ వణికింది. అంతలో నల్లటి మెడ మీద భగ్గుమని ఎరుపు!

“ఒక్క క్షణం, ఒక్కటే క్షణం—” డైరెక్టరు గారు.

“ఆపండి!” సూదక్క కేకకి గట్టంతా దద్దరిల్లింది. మావయ్య చెయ్యి టక్కున ఆగిపోయింది. తోకా నడుమూ మెడని పట్టి లేపారు. మెడని ఆడించే తాడు కాలికి మెలిపడింది, అంతే. విప్పేశారు. తమ్ముడు గుండెనిండా గాలి పీల్చి నవ్వాడు.

“అక్కా, ఒక్క చుక్క తాగలేదే!”

రెండోసారి వాడు దిగిన తీరు వేరు. భయం వదిలిన మెడ అది. కిందే ఉండి, ఉండి, అందరూ వాడు పోయాడనుకున్నాక నీళ్ళు చీల్చుకుని ఇంతెత్తున లేచింది. హీరో గారు నిజంగానే కెవ్వుమన్నారు. పడవ బోర్లా పడింది. గట్టు మీద వడ్రంగులూ రంగులవాళ్ళూ ఈలలు వేశారు. డైరెక్టరు గారు నేల మీది టోపీ ఏరుకుని దులుపుకున్నారు. తరువాత ఆయన అన్న మాట మాత్రం ఆ స్టూడియోలో పనివాళ్ళెవరూ అంతవరకూ వినలేదు.

“ఏమ్మా, తరువాతి సీను మొదలుపెట్టమంటావా?”

సూదక్క తమ్ముడి చేతిలోని ఎర్ర గుడ్డ దారం సరిచూస్తూ, తలైనా ఎత్తకుండా అంది:

“ఆగండి, చెప్తాను.”

ఆయన ఆగారు.