బొగ్గు ఇంట్లో లేని పూట

కింది నుంచి చీపురు కర్రతో కప్పు మీద మూడు పోట్లు పడ్డాయంటే, కింది వాటా బేకరీ ఆయనకి మళ్ళీ నిద్ర చెడిందని అర్థం. రాత్రంతా ఓవెన్ ముందు నిలబడి ఊరందరికీ రొట్టెలు కాల్చి, తెల్లవారాక వచ్చి పడుకుంటాడు పాపం. ఆయన మంచానికి సరిగ్గా నెత్తిమీద తూనీగ వాళ్ళ హాలు.

తూనీగ అనేది ఆవిడకి పుట్టింటివాళ్ళు పెట్టిన ముద్దుపేరు, ఒక్కచోట వాలదని. పెళ్ళయ్యాక ఆ పేరు అక్కడే వదిలేసి వద్దామనుకుంది గానీ, మొగుడు వారం తిరక్కుండా పసిగట్టేశాడు. కూర్చుని తినదు, టీవీ కూడా నిలబడే చూస్తుంది. ఇంట్లో కూర్చుని చేసుకోమని ఉద్యోగం ఇస్తే, దాన్నీ నడిచే ఉద్యోగంగా మార్చేసుకుంది. వాషింగ్ మెషిన్ల కంపెనీకి వచ్చే ఫిర్యాదులకి ఫోన్లో జవాబు చెప్పడం ఆవిడ పని. హెడ్‌సెట్ తగిలించుకుని హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే యాత్ర. కాళ్ళు కదలందే ఆవిడ నోరు కదలదు. మడమ నొప్పికి డాక్టరు ఇంట్లో కూడా వేసుకోమన్న గట్టి అడుగు చెప్పులు కాళ్ళకి, వెనకాలే బొగ్గు.

బొగ్గు అంటే కుక్క. నల్లగా, పొడుగు కాళ్ళేసుకుని ఉంటుంది. ఏ జాతండీ అని అడిగితే పశువుల డాక్టరే నవ్వి ఊరుకున్నాడు. ఆవిడ ఎటు తిరిగితే అటు, గోళ్ళు టకటకలాడించుకుంటూ తిరుగుతుంది.

ఒకరోజు ఇంటి ఓనరు స్వయంగా మెట్లెక్కి వచ్చాడు.

"చూడమ్మా, పగలంతా మీ కుక్క నెత్తిమీద పరిగెడుతుంటే కింద ఆయనకి కంటిమీద కునుకు లేదు. నిద్రమత్తులో మొన్న ఓవెన్‌లో చెయ్యి పెట్టుకోబోయాట్ట. నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత కుక్కని పంపేస్తారో, మీరే ఖాళీ చేస్తారో మీ ఇష్టం."

తూనీగకి కాళ్ళ కింద నేల కదిలిపోయింది. ఆ సాయంత్రమే బొగ్గు గోళ్ళు కత్తిరించింది. హాలంతా రబ్బరు పట్టాలు పరిచింది. మొగుడి పాత మేజోళ్ళు కోసి దాని నాలుగు కాళ్ళకీ తొడిగింది. బొగ్గు వాటిని ఒక్కొక్కటే పీకి, ఒకదాన్ని మింగేసి, మిగతావాటిని సోఫా కింద దాచుకుంది. చీపురు కర్ర పోట్లు మాత్రం ఆగలేదు. పోటు పడ్డప్పుడల్లా తూనీగ వెనక్కి తిరిగి "బొగ్గూ, కూర్చో!" అని కసిరేది. అది టక్కున కూర్చునేది. ఆవిడ మళ్ళీ నడక మొదలుపెట్టగానే లేచేది.

"నీతో పాటు తిరుగుతోంది పాపం, దాన్నేం అంటావులే," అన్నాడు మొగుడు అన్నం కలుపుకుంటూ.

"మీరు ఊరుకోండి. నా బాధ నాది," అంది తూనీగ, గుమ్మం నుంచి వంటగట్టు దాకా తిరుగుతూ.

సంగతి తెలిసి అన్నయ్య ఫోన్ చేశాడు. "మా గోడౌన్‌కి పంపెయ్యవే. గేటు దగ్గర గొలుసేసి కట్టేస్తే కాపలా ఉంటుంది. తిండికేం లోటు చెయ్యను."

అన్నయ్య మంచివాడే. కానీ ఆ గోడౌన్ గేటు దగ్గర ఇదివరకు ఉన్న కుక్క చోటుని తూనీగ చూసింది. గొలుసు ఎంత పొడుగుంటే అంత మేర నేల గుండ్రంగా అరిగిపోయి, గడ్డి పరక లేకుండా ఉంది. కుక్క పోయి చాలా కాలమైనా ఆ గుండ్రం అలాగే ఉంది. ఆ రాత్రి ఆవిడ కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది, వెనకాల బొగ్గు తిరిగింది.

పశువుల డాక్టరే వ్యాన్ అక్క సంగతి చెప్పాడు. వ్యాన్ అక్కని ఊళ్ళో కుక్కలున్న ఇళ్ళవాళ్ళందరూ అలాగే పిలుస్తారు. ఆవిడా, ఆవిడ కింద పనిచేసే ఒక ఆయనా కలిసి ఓ అరడజను కుక్కల్ని వ్యాన్‌లో ఎక్కించుకుని కొండ కింద అడవి దారికి తీసుకెళ్తారు. అక్కడ తాళ్ళు విప్పేస్తారు. కుక్కలన్నీ గుంపుగా వాళ్ళతో నడిచి, వాగులో దూకి, బురదలో పొర్లి, మధ్యాహ్నానికి ఇల్లు చేరతాయి. చేరాక ఇక కన్ను తెరవవట. బొగ్గు పగలంతా అలా నిద్రపోతే ఓనరు నోరెత్తడు, గోడౌన్ ఊసే ఉండదు. తూనీగకి ప్రాణం లేచొచ్చింది.

అయితే వ్యాన్ అక్క ఏ కుక్కనీ ఊరికే ఎక్కించుకోదు. ముందు ఊరి బయట కంచె వేసిన బీడులో తయారు చెయ్యాలి. ఆవిడ భారీ మనిషి, నెమ్మదైన గొంతు. బొగ్గు మెడపట్టీకి పొడుగాటి తాడు కట్టి, అది నేల మీద ఈడ్చుకుంటూ తిరిగేలా వదిలేసింది.

"ఏదీ, పిలు."

"బొగ్గూ! రా! రారా! ఇటు చూడు! నిన్నే! బొగ్గూ, మా నాన్నవి కదూ! రా!" తూనీగ చేతులూపుకుంటూ అటూ ఇటూ గెంతింది. బొగ్గు ఓ రాయిని వాసన చూసి, దాని మీద కాలెత్తి, అప్పుడు తీరిగ్గా బయల్దేరింది.

"ఎన్నిసార్లు పిలిచావు?" అంది వ్యాన్ అక్క.

"లెక్కపెట్టలేదక్కా."

"అదీ పెట్టలేదు. నువ్వెలాగూ పిలుస్తూనే ఉంటావు, తొందరేముంది దానికి? ఒక్కసారి పిలు. తర్వాత నోరు మూసుకో. సరే, మామూలుగా దాన్ని ఎప్పుడెప్పుడు పిలుస్తావు?"

"బయటికెళ్తే, ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు. స్నానానికి. మందు వెయ్యడానికి."

"అంటే నువ్వు పిలిచావంటే దాని సరదా అయిపోయినట్టే. నేనైనా రాను," అని వ్యాన్ అక్క గట్టిగా నవ్వింది. "ఇలా చెయ్యి. పిలు. వస్తే ముక్క పెట్టు. మెడపట్టీ పట్టుకో. పట్టుకుని వదిలెయ్. పో, ఆడుకో అను. వస్తే మళ్ళీ పంపిస్తావని దానికి నమ్మకం కుదరాలి. ఆ నమ్మకం లేకుండా అడవిలో తాడు విప్పితే, అటే పోతుంది."

వినడానికి ఎంత తేలికో! పిలవడం వచ్చింది, ఉడికించిన చికెన్ ముక్క పెట్టడం వచ్చింది, పట్టుకోవడం మరీ బాగా వచ్చింది. వదలడం దగ్గరే తూనీగ తల ప్రాణం తోకకొచ్చింది. నోరు "పో" అనేది, వేళ్ళు మెడపట్టీని పట్టుకునే ఉండేవి. బొగ్గు ఆ మాటకీ ఈ చేతికీ మధ్య ఇరుక్కుని బిక్కమొహం వేసేది.

"ఆ కాళ్ళు కాసేపు ఆపు తల్లీ!" అని వ్యాన్ అక్క ఓ రోజు విసుక్కుంది. "అది నీ నోరు వినడం లేదు, నీ కాళ్ళని చూస్తోంది. నువ్వు కదులుతుంటే తనకీ ఏదో పని ఉందనుకుంటోంది."

తూనీగ బుద్ధిగా తలూపింది. బీడులో నిలబడాల్సిన పద్ధతి చెబుతోంది కాబోలనుకుంది.

నెలాఖరు దగ్గర పడుతుండగా పరీక్ష పెట్టింది వ్యాన్ అక్క. బొగ్గుని మిగతా కుక్కలతో కలిపి తాడు లేకుండా వదులుతారు. పిలిచేది వ్యాన్ అక్క, అదీ ఒక్కసారే. యజమాని కనబడకూడదు. తూనీగని వ్యాన్‌లో కూర్చోబెట్టి తలుపు వేసేశారు.

అద్దంలోంచి చూస్తోంది తూనీగ. తాడు విప్పగానే బొగ్గు మొదట నమ్మలేనట్టు నిలబడి, తర్వాత వదిలిన బాణంలా పోయింది. గోధుమరంగు కుక్కతో దొర్లింది, ఇంకోదాని చెవి లాగింది. ఇంతలో ఏం వాసన తగిలిందో, గుంపుని వదిలేసి కంచె వైపు పరుగందుకుంది. అటువైపు కంచె పడిపోయి ఉంది. దాని అవతల లారీలు తిరిగే రోడ్డు.

"బొగ్గూ!" అని ఒక్కసారి పిలిచి వ్యాన్ అక్క నిలబడిపోయింది.

బొగ్గు ఆగింది. ఆగి చూసింది వ్యాన్ అక్క వైపు కాదు, వ్యాన్ వైపు. తూనీగ తన కాళ్ళు చూసుకుంది. తను లోపల మోకాళ్ళు ఆడిస్తోంది, సీటులో ఎగిరెగిరి పడుతోంది, ఆ ఊపుకి పాత వ్యాన్ కిర్రుకిర్రుమని ఊగుతోంది. గబుక్కున రెండు చేతులతో మోకాళ్ళు అదిమి పట్టుకుంది. ఊపిరి కూడా బిగబట్టింది. వ్యాన్ నిలిచింది. బొగ్గు ఇంకాసేపు చూసి, ఇక్కడేం లేదనుకున్నట్టు తల తిప్పి, వ్యాన్ అక్క దగ్గరికి దూసుకుంటూ వెళ్ళిపోయింది.

"పాసైంది," అంది వ్యాన్ అక్క తలుపు తీసి. తూనీగ ఆవిడ భుజం మీద పడి భోరుమని ఏడ్చింది. గోడౌన్ గేటు దగ్గరి ఆ గుండ్రం ఆ క్షణాన కళ్ళ ముందు నుంచి చెరిగిపోయింది.

మొదటిసారి అడవి దారికి వెళ్ళే రోజు వ్యాన్ పొద్దున్నే వచ్చింది. బొగ్గు వెనక్కి కూడా చూడకుండా ఎక్కేసింది. ఆ సంగతి తూనీగకి గుచ్చుకుంది, ఎవరికీ చెప్పలేదు. మొగుడు పనికి వెళ్ళిపోయాడు. ఇల్లు బోసిపోయింది. బొగ్గు పడుకునే చాప ఖాళీగా ఉంది. ఎక్కడుందో ఏం చేస్తోందో, వాగు లోతెంతో, వ్యాన్ అక్క ఒక్కసారే పిలుస్తుంది కదా, వినిపించకపోతే? హెడ్‌సెట్ తగిలించుకుని తూనీగ హాల్లో నడకలో పడింది.

ఎవరో పెద్దావిడ ఫోన్. మెషిన్ ఇల్లదిరిపోయేలా చప్పుడు చేస్తోందట, మార్చి తీరాలట.

"అమ్మా, కంగారు పడకండి," అంది తూనీగ నడుస్తూ. ఇలాంటి ఫోన్లకి ఆవిడ ఎప్పుడూ అడిగే మొదటి ప్రశ్నే అడిగింది. "ఒకసారి మెషిన్ పూర్తిగా ఆపెయ్యండి. ఆపేశారా? ఇంకా చప్పుడు వస్తోందా? అయితే అది మెషిన్ చప్పుడు కాదమ్మా. దాన్నేం అనకండి. పక్కన ఇంకేదో ఉంది, చూడండి."

ధబ్, ధబ్, ధబ్. కింది నుంచి చీపురు కర్ర.

తూనీగ గిర్రున వెనక్కి తిరిగి "బొగ్గూ, కూర్చో!" అని కసిరింది.

వెనకాల ఎవరూ లేరు. ఖాళీ నేల, రబ్బరు పట్టాలు, వాటి మీద తన గట్టి చెప్పులు.

"ఎవర్నమ్మా కూర్చోమంటున్నావు?" అంది ఫోన్లో పెద్దావిడ.

నేనే మళ్ళీ చేస్తానమ్మా అని తూనీగ ఫోన్ పెట్టేసింది. ఒక్క అడుగు వేసి చూసింది. ఠప్. ఇంకోటి వేసింది. ఠప్. బొగ్గు వెళ్ళి ఎంతసేపైందో! దాని గోళ్ళు కత్తిరించింది, దానికి మేజోళ్ళు తొడిగింది, దాన్నే కసిరింది, దాన్నే గొలుసు దాకా తీసుకెళ్ళబోయింది. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది ఆవిడకి.

తలుపు చప్పుడైంది. బేకరీ ఆయన, ముడతలు పడ్డ లుంగీ, ఎర్రటి కళ్ళు.

"ఈవేళ కుక్కని బయటికి పంపిస్తున్నామన్నారు కదండీ? అప్పుడే వచ్చేసిందా?"

వచ్చేసిందండీ అంటే సరిపోతుంది. ఆ మాట తూనీగ నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన గొణుక్కుంటూ దిగిపోతాడు, తప్పు మళ్ళీ నోరు లేనిదాని మీదికి పోతుంది, తనని ఎవరూ ఏమీ అనరు.

"రాలేదండీ," అంది. "పొద్దున్నే వెళ్ళింది. తిరిగింది నేను. ఇన్నాళ్ళూ తిరిగింది నేనే."

ఆయన ఆవిడ మొహం చూశాడు, కాళ్ళు చూశాడు.

"గోడౌన్‌లో కట్టెయ్యాల్సింది నన్నండీ," అంది తూనీగ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అంత పని వద్దులెండి," అని పెద్దగా ఆవులించాడాయన. "ఆ చెప్పులు విప్పండి చాలు. కుక్కని ఏమీ అనొద్దని ఓనరుకి నేను చెబుతాను. ముందు నన్ను పడుకోనివ్వండి."

ఆ తర్వాత ఫోన్లన్నీ ఆవిడ నేల మీద కూర్చునే మాట్లాడింది. ప్రతి మాటకీ తడబడింది. ఒంట్లో బాగాలేదా అని ఎవరో జాలిపడ్డారు కూడా. కింది నుంచి గురక సన్నగా వినబడింది. ఇన్నాళ్ళలో ఆ గురక వినడం అదే మొదలు.

వ్యాన్ వచ్చే వేళకి కింది మెట్టు మీద కూర్చుంది. ఒకటే ఆలోచన. ఇక బొగ్గు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. చెప్పులు విప్పితే తీరిపోయే గొడవ. రేపటి నుంచి చాప ఖాళీగా ఉండదు, వాగు లోతెంతో అని ఏడవక్కర్లేదు.

వ్యాన్ తలుపు తెరుచుకుంది. బొగ్గు తడిసి ముద్దయి ఉంది, చెవుల్లో పల్లేరు కాయలు, ముక్కు దాకా బురద. నోరంతా తెరిచి నవ్వుతున్నట్టున్న ఆ మొహాన్ని తూనీగ తన ఇంట్లో ఏనాడూ చూడలేదు. ఒక్కసారి పిలిచింది. అది ముందు ఆవిడ కాళ్ళు చూసింది. కదలడం లేదు. వచ్చి, బురద ఒళ్ళంతా ఆవిడ ఒళ్ళో పడేసింది. ఆవిడ మెడపట్టీ పట్టుకుంది.

"బంగారం లాంటి కుక్క," అంది వ్యాన్ అక్క. "నువ్వేంటి, కూర్చున్నావు! మళ్ళీ రేపు రానా?"

తూనీగ వేళ్ళు మెడపట్టీ మీద బిగుసుకున్నాయి. అక్కర్లేదక్కా అని చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. బొగ్గు తోక నేల మీద ఒకటే కొట్టుకుంటోంది.

"రండక్కా," అని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. "పో, ఆడుకో."

బొగ్గు ఒక్క గెంతులో మళ్ళీ వ్యాన్ ఎక్కేసింది. వ్యాన్ అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. తూనీగకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. లేవలేదు, రెండోసారి పిలవలేదు. అదే దిగి వచ్చేదాకా ఆ మెట్టు మీద అలాగే కూర్చుంది.