మూడో పళ్ళెం

గరిటె అంటే గరిటెలా ఉండాలి గాని వీటికి ఈ రబ్బరు మూతులేమిటి, వీటితో పప్పు మెదపడం అయ్యే పనేనా, తాలింపు వేడికి కరిగి కూరలో కలిసిపోతే ఎవరు తింటారు, కరగవమ్మా సిలికాన్ అది, స్కాన్ చెయ్యి అంటోంది నమ్రత, నేను తుపాకీ లాంటి ఈ మిషన్ని గరిటె మెడకి కట్టిన చీటీకి గురిపెట్టి నొక్కుతాను, ఎర్ర గీత పడుతుంది, టింగుమంటుంది, అంతే, ఈ గరిటె నా కూతురి పెళ్ళి కానుకల జాబితాలో చేరిపోయింది, దాని స్నేహితులెవరో ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చూసుకుని కొనేస్తారు, నేను ఎంచిన గరిటె, మా వాళ్ళలో అయితే ఈ చేతిని పెళ్ళి పసుపు దంచే రోకలి మీద పడనిచ్చేవారా, ఆయన పోయిన తర్వాత మా తోటికోడలి కూతురి పెళ్ళిలో కొబ్బరికాయలు అందిద్దామని వంగితే, నువ్వు కూర్చో లక్ష్మీకాంతం, అలిసిపోతావు అంది, అలుపు కాదని నాకూ తెలుసు ఆవిడకీ తెలుసు, ఇక్కడ నా కూతురు షాపులోకి రాగానే మొదటి వస్తువు నువ్వే కొట్టమ్మా అని మిషన్ నా చేతిలో పెట్టింది, అప్పుడే అనుకున్నాను, చెప్పకుండానే చెప్పేసింది పిల్ల, పెళ్ళయ్యాక కాపురం పెట్టే ఫ్రీమాంట్‌కి నన్ను కూడా తీసుకెళుతుంది, లేకపోతే ఆ వంటింటి సామాను నా చేత ఎందుకు ఎంపిక చేయిస్తుంది.

అలా అనుకున్నాను గాని ఎంతసేపు నిలుస్తుంది అలాంటి ఆలోచన, నిశ్చితార్థం అయిన దగ్గర్నుంచీ అడుగుదామని, పెళ్ళయ్యాక నేనెక్కడ ఉంటానే అని, నాలుక చివరికి వస్తుంది, అది ఫోన్‌లో ఉంటుంది, లేకపోతే డ్రైవ్ చేస్తుంటుంది, మేమిద్దరం ఉంటున్న ఈ షామ్‌బర్గ్ అపార్ట్‌మెంట్ ఖాళీ చేసేస్తున్నాం అని అద్దె ఆఫీసులో చెప్పింది, పెళ్ళికొడుకు అనిరుధ్ ఫ్రీమాంట్‌లో చూసిన ఇల్లు ఒక బెడ్‌రూమేనట, అక్కడ అద్దెలు అలాగే ఉంటాయమ్మా అంది, నేను హాల్లో పడుకుంటాను, సోఫా మీద అయినా సరే, పొద్దున్నే లేచి దుప్పటి మడత పెట్టేస్తే మనిషి పడుకున్నట్టే తెలియదు, అమ్మా అదొద్దు, నలభై ఐదు డాలర్లు ఉంది దాని మీద, ముప్ఫై దాటనివ్వకు, మా టీమ్‌లో సగం మందిని లేఆఫ్ చేశారు, అందులో శశికాంత్‌కి ఇంకా ఉద్యోగం దొరకలేదు, వీసా గోల ఒకటి, వాళ్ళు కూడా వస్తారుగా పెళ్ళికి, పెద్ద పెద్దవి పెడితే సిగ్గుపడతారు, అది నిజం, ఈ మాట మాత్రం దీని నోట వింటే నాకు కడుపు నిండుతుంది, నా పెళ్ళిలో చదివింపులప్పుడు మా పెదనాన్న వంద ఇస్తే పందిరి అదిరేట్టు చదివాడు ఆ చదివేవాడు, మా నూకాలత్త రెండు రూపాయలు, ఒక ఇత్తడి చెంబూ ఇస్తే గొంతు తగ్గించి ఎవరికీ వినబడకుండా గొణిగాడు, అత్త ఆ పూట భోజనానికి ఉండకుండా బస్సెక్కేసింది, ఇక్కడ ఎవరూ గట్టిగా చదవరు, ఎవరి చెంబు వాళ్ళు చడీచప్పుడు లేకుండా ఇస్తారు, అందుకే నేను చిన్నవే వెతుకుతున్నాను, యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలు నాకు ఇప్పటికీ ఒక్కొక్కటే వస్తాయి, అంకెలు మాత్రం గబగబా వస్తాయి, జల్లెడ పన్నెండు, చపాతీ కర్ర ఎనిమిది, ఇనప పెనం పంతొమ్మిది, దాన్ని వదిలేశాను, నమ్రత వెనక్కి వెళ్ళి మరీ తెచ్చింది, అమ్మా దోసెలకి ఇదే బెస్ట్, నల్లగా ఉంది పెళ్ళికి ఇనుమేమిటే అంటే, శని పట్టుకుంటాడా, ఫ్రీమాంట్‌లో పార్కింగ్ దొరకదు వాడికి, అంటుంది, దీని మాటలకి నవ్వకుండా ఉండలేను, నవ్వుతూనే భయపడతాను, దోసెలు అంది, దోసెలు వెయ్యడం దానికి రాదు, ఎప్పుడూ నేనే వేస్తాను, మరి ఈ పెనం ఎవరి కోసం.

పళ్ళేల దగ్గరికి వచ్చాం, డబ్బాలో పెట్టిన సెట్లు ఖరీదు, విడివిడిగా పేర్చినవి చవక, అంచుకి సన్నటి నీలం గీత ఉన్న పళ్ళెం నాకు నచ్చింది, అన్నం మధ్యలో పెడితే పులుసు బయటికి కారదు, ఆపాటి లోతుంది, చీటీకి గురిపెట్టి కొట్టాను, ఎన్ని అని అడుగుతుంది మిషను, బొత్తాం నొక్కినకొద్దీ అంకె పెరుగుతుంది, నేను ఆలోచించలేదు, వేలే నొక్కింది, మూడు దగ్గర ఆగింది, అడగాల్సింది నోటితో అడగలేక వేలితో అడిగేశాను, ఇప్పుడు ఇది చూస్తుంది, చూసి ఏదో ఒకటి అంటుంది, చూసింది, అమ్మా మూడేంటి, నువ్వేనా, మూడు దోసెలు వడ్డిస్తే నాలుగోది తుంచైనా పెట్టేదానివి, ముగ్గురం కలిసి గుమ్మం దాటితే ఒకళ్ళని వెనక్కి పిలిచి కూర్చోబెట్టేదానివి, నా పరీక్షకి నాన్ననీ నన్నూ ఒక ఆటోలో ఎక్కించి నువ్వు ఇంకో ఆటోలో వచ్చావు, ఇప్పుడు నా పెళ్ళికి మూడు పళ్ళేలా, అని పకపకా నవ్వి, నా చేతిలోని మిషన్ మీద తనే నొక్కి నాలుగు చేసింది, ఇద్దరం మేము, ఇంకెవరైనా వస్తే రెండు, చాలు, అవును నిజమే, మూడు మంచిది కాదు, అది నేను చెప్పిందే, మా అమ్మ నాకు చెప్పింది, ముగ్గురు కలిసి వెళితే పని చెడుతుందని, ఎవరో ఒకరు ఆగిపోవాలని, ఆగేది ఎప్పుడూ ఆడవాళ్ళలో పెద్దదే, అయినా నాలుగు కదా అన్నాను లోపల, నాలుగులో మూడు ఉంటుంది కదా, ఇంకెవరైనా అన్నదాంట్లో నేను లేనని చెప్పలేదు కదా, ఛీ, ఈ వయసులో పళ్ళేలు లెక్కపెట్టుకుంటూ ఏమిటి ఈ బతుకు.

తువ్వాళ్ళ వరస చివరన ఉంది, రంగురంగులుగా గోడంత ఎత్తున, నమ్రత తెల్లవి రెండు పెద్దవి కొట్టింది, పక్కనే కొంచెం చిన్నవి, ధర తక్కువవి, వాటి ముందు నిలబెట్టి నా భుజం మీద చెయ్యి వేసింది, ఇవి గెస్ట్‌లకమ్మా, నువ్వొచ్చినప్పుడు నీకే, రంగు నువ్వే చూసుకో, అంది, ఎక్కడినుంచి వచ్చినప్పుడట, వచ్చినప్పుడు అంటే ముందు వెళ్ళిపోవాలి కదా, దాని మొహంలోకి చూశాను, ఏమైనా దాస్తోందా అని, చూపు తిప్పుకుంటుందేమో అని, ఏమీ లేదు, మెత్తగా ఉందో లేదో అని తువ్వాలు చెంపకి ఆనించుకుని చూస్తోంది, చిన్నప్పుడు నా కొంగు ఆనించుకున్నట్టే, అప్పుడు గుర్తొచ్చింది, మొన్నెప్పుడో బట్టలు మడత పెడుతుంటే, మన ఊళ్ళో చక్రపాణి మామయ్య మేడ మీద గది వేయించాడటమ్మా, అత్తయ్య కూడా నువ్వొస్తే తోడుగా ఉంటుందంటోంది, నీకెలా ఉంటుంది అంది, తమ్ముడి గది కబురే అనుకుని నేను చీర అంచులు కలుపుతూ, మంచిదే, మేడ మీద గాలి బాగా వస్తుంది, అన్నాను, నిజంగానా అమ్మా అని అది ఇంకోసారి అడిగింది, నిజంగానే, అన్నాను, అది చాలాసేపు నన్ను పట్టుకుని కూర్చుంది, ఎందుకో తెలియక నేనూ దాని తల నిమిరాను, ఏ రంగమ్మా అంటోంది మళ్ళీ, బూడిదలాంటి గచ్చకాయ రంగు చూపించాను, మాసినా తెలియదని, ఇన్నాళ్ళూ అది ఎప్పుడు చెబుతుందా అని దాని మొహం చూస్తూ తిరిగాను గాని అది చెప్పాల్సిందేమీ మిగల్లేదు, బట్టలు మడత పెట్టిన ఆ పూటే అది నన్ను అడిగింది, నేను సరే అన్నాను.