ఐదో రొట్టె

ఏటా అక్టోబరులో, అప్పటి యుద్ధంలో ఈజిప్టు సైన్యం సూయజ్ కాలువ దాటిన రోజున, ఖలఫ్ సూయజ్ శ్మశానానికి వెళ్లి రొట్టెలు పంచుతాడు. పాత హవల్దారు పట్టుదల అతనిది, మోకాలు మొరాయించినా మానడు. చనిపోయినవాడి పేరు చెప్పి రొట్టె ఇవ్వాలి. పుచ్చుకున్నవాళ్లు ఆ పేరు పలికి దేవుడి కరుణ కోరాలి. పేరు చెప్పని రొట్టె తిన్నవాళ్ల ఆకలి తీరుస్తుందేమో గానీ, పోయినవాడికి మాత్రం ముట్టదు.

ఆనాడు రబ్బరు పడవలో అతనితో కలిపి ఆరుగురు ఎక్కారు. అవతలి ఒడ్డుకు ఖలఫ్ ఒక్కడే చేరాడు. అందుకే ఐదు రొట్టెలు.

ఈసారి నాలుగు పేర్లు గడగడా చెప్పేశాడు. ఐదో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. ఎదురుగా నల్ల ముసుగు ముసలమ్మ చెయ్యి చాచింది.

"ఎవరి పేరున, హాజీ?"

మనిషి కళ్ల ముందే మెదులుతున్నాడు. ముందు పళ్ల మధ్య సందు, ఆ సందులోంచి వేసే ఈల, అడిగి తీసుకుని తిరిగివ్వని గడ్డం కత్తి, అన్నీ గుర్తున్నాయి. పేరు మాత్రం రాలేదు. అతనికి పెళ్లాం బిడ్డల్లేరు, తల్లి ఏనాడో పోయింది. తనూ మరిచిపోతే ఈ లోకంలో అతన్ని తలుచుకునే దిక్కే లేదు. కాల్పుల మధ్య కూడా ఖలఫ్ అంత భయపడలేదు.

"వగీహ్," అంది వెనక నుంచి భార్య నేమత్. ఇంటి నుంచి బుట్ట మోసుకొచ్చిన అలసటతో గోరీ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. "వగీహ్ అబ్దుల్ తవ్వాబ్. ఇచ్చెయ్యండి, పాపం ఆవిడ చెయ్యి లాగేస్తోంది."

ముసలమ్మ రొట్టె తుంచి, "వగీహ్‌ను దేవుడు కరుణించాలి," అంది.

ఖలఫ్ వచ్చి భార్య పక్కన కూలబడ్డాడు.

"నీకెలా గుర్తుందే?"

"బాగుంది వరస. పెళ్లయిన కొత్తలో రోజూ వాళ్ల కబుర్లేగా చెప్పేవారు. ఒక్కో ఉండ చేసేటప్పుడు ఒక్కో పేరు అనుకుంటాను. యాభై ఏళ్లుగా ఉత్త పిండి పిసుకుతున్నాననుకున్నారా?"

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరడిగితేగా. యుద్ధమంతా తన భుజాన్నే ఉందని హవల్దారు గారు మురిసిపోతుంటే, పోనీలే అని ఊరుకున్నాను."

ఖలఫ్‌కు నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. తనతో పాటే ఆ పేర్లు మట్టిలో కలిసిపోతాయని ఇన్నేళ్లూ లోలోపల బెంగ. ఇంట్లో పొయ్యి దగ్గర వాళ్లు ఐదుగురూ చల్లగానే ఉన్నారని ఇప్పుడు తెలిసింది. ప్రాణం హాయిగా ఉంది. లేచి, ఖాళీ బుట్ట చంకన పెట్టుకున్నాడు.

"వచ్చే ఏడాది నుంచి పేర్లు నువ్వు చెప్పు," అన్నాడు. "బుట్ట నేను మోస్తాను."